ఊకనా, కొబ్బరి చిప్పనా, పత్తి కట్టెనా: కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే బొగ్గుకు ఏది ఎంచుకోవాలి?

మొక్కల వ్యర్థాన్ని గాలి తగలకుండా కాల్చి, వచ్చిన బొగ్గుకు సన్నని రంధ్రాలు పడేలా చేస్తే అది కార్బన్ డయాక్సైడ్‌ను (సీఓ2) పట్టుకుంటుంది. వేడి చేస్తేనో, ఒత్తిడి తగ్గిస్తేనో మళ్లీ వదిలేస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తుంది. రైస్ మిల్లు ఉన్నవాళ్లు ఊకతో చేద్దామంటారు. కోనసీమ వాళ్లు కొబ్బరి చిప్పలంటారు. ఎం.టెక్ విద్యార్థి దొరికిన కాయ తొక్కతో చేసి, రంధ్రాల గోడలన్నీ కలిపి గ్రాముకు మూడు వేల చదరపు మీటర్ల ఉపరితలం వచ్చిందని సంబరపడతాడు. అందరూ ముడిసరుకు దగ్గరే మొదలుపెడుతున్నారు.

నా మాట వింటే గ్యాసు దగ్గర మొదలుపెట్టండి. ఏ గ్యాసులోంచి, ఎంత ఒత్తిడి దగ్గర, ఎంత వేడిలో పట్టాలో తేలితే బొగ్గుకు ఎలాంటి రంధ్రాలు కావాలో తెలుస్తుంది. అవి తెలిస్తే ఊకా చిప్పా అన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

## ముందు గ్యాసు సంగతి తేల్చుకోండి

కార్బన్ డయాక్సైడ్ అణువు అడ్డుకొలత సుమారు 0.33 నానోమీటర్లు. అది రంధ్రంలో గట్టిగా నిలవాలంటే రెండు వైపుల గోడలూ దాన్ని ఒకేసారి లాగాలి. అందుకే మామూలు వాతావరణ ఒత్తిడిలో (సుమారు 1 బార్), 25 డిగ్రీల దగ్గర అసలు పని చేసేవి 0.8 నానోమీటర్ల లోపు రంధ్రాలే. గ్యాసులో సీఓ2 పలచగా ఉండి దాని వాటా ఒత్తిడి (మొత్తం ఒత్తిడిలో సీఓ2 వంతు) 0.15 బార్‌కు పడిపోతే ఇంకా సన్నవి, 0.5 నానోమీటర్ల దరిదాపుల్లోవి కావాలి. 2 నానోమీటర్లు దాటిన రంధ్రాలు గ్యాసు లోపలికి వెళ్లే దారులుగా పనికొస్తాయి. నిల్వకు వాటి సాయం తక్కువ.

ఉపరితల వైశాల్యం అంకె చాలామందిని తప్పుదారి పట్టించేది ఇక్కడే. 2011లో స్పెయిన్ పరిశోధకులు సెవిల్లా, ఫ్యుయర్తెస్ రంపపు పొట్టుతో చేసిన ఒక బొగ్గు 25 డిగ్రీల దగ్గర, 1 బార్‌లో గ్రాముకు 4.8 మిల్లీమోల్‌ల సీఓ2 పట్టింది. ఒక మిల్లీమోల్ సీఓ2 అంటే 44 మిల్లీగ్రాములు కాబట్టి కిలో బొగ్గుకు సుమారు 211 గ్రాములన్నమాట. ఆ అంకె వచ్చింది రంధ్రాలు తెరిచే క్షారం (పొటాషియం హైడ్రాక్సైడ్) తక్కువగా వేసి 600 డిగ్రీల దగ్గర ఆపేసిన నమూనాకు. క్షారం పెంచి 800 డిగ్రీలకు తీసుకెళ్లిన నమూనాకు ఉపరితలం బాగా పెరిగింది, పట్టే శక్తి మాత్రం తగ్గింది. రంధ్రాలు వెడల్పైపోయాయి, అంతే.

మీ దగ్గరున్న గ్యాసు ఈ కింది వాటిలో ఏదో చూసుకోండి.

| గ్యాసు | అందులో సీఓ2 | సీఓ2 వాటా ఒత్తిడి | ఈ బొగ్గు సరిపోతుందా? |
|---|---|---|---|
| బొగ్గు కరెంటు ప్లాంటు పొగ | 10–15 శాతం | 0.10–0.15 బార్ | కష్టం మీద. గ్యాసును చల్లార్చి, ఆరబెట్టాలి |
| సిమెంటు బట్టీ పొగ | 15–30 శాతం | 0.15–0.30 బార్ | ఫర్వాలేదు |
| 6 బార్‌కు నొక్కిన బయోగ్యాస్ | 30–45 శాతం | 1.8–2.7 బార్ | బాగా సరిపోతుంది |
| మామూలు గాలి | 0.04 శాతం | 0.0004 బార్ | వద్దు |

చివరి వరుస గురించి గట్టిగా చెప్పాలి. ఊక బొగ్గుతో గాలిలోంచి నేరుగా సీఓ2 లాగేస్తామని ఎవరైనా పెట్టుబడి అడిగితే ఇవ్వకండి. అంత పలచని గ్యాసును పట్టాలంటే రసాయనంగా గట్టిగా కలిసే పదార్థం కావాలి. మామూలు బొగ్గు దాన్ని పైపైనే పట్టుకుంటుంది. ఇథనాల్ ప్లాంటులో పులియబెట్టే ట్యాంకుల నుంచి వచ్చే గ్యాసు దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి. అది దాదాపు శుద్ధమైన సీఓ2. కడిగి, ఆరబెట్టి, నొక్కితే చాలు, అక్కడ ఏ బొగ్గూ అక్కర్లేదు.

కరెంటు ప్లాంటు పొగ విషయంలో పోటీ ఎవరితోనో చూసుకోవాలి. 2021లో టాటా స్టీల్ జంషెడ్‌పూర్‌లో పెట్టిన రోజుకు 5 టన్నుల ప్లాంటు నడిచేది అమీన్ అనే ద్రావణంతో. ద్రావణం సీఓ2ను గట్టిగా పట్టుకుంటుంది, కానీ మళ్లీ విడిపించడానికి 120 డిగ్రీల దాకా కాచాలి. ఆ కాచడానికి అయ్యే ఆవిరి ఖర్చే దానికి భారం. బొగ్గు పట్టు వదులు కాబట్టి విడిపించడం చవక. ఇంకో పోటీదారు 13ఎక్స్ అనే జియోలైట్, అంటే సన్న రంధ్రాలున్న ఖనిజం లాంటి పదార్థం. పొడి గ్యాసులో, తక్కువ ఒత్తిడి దగ్గర అది బొగ్గుకు రెండింతలు పట్టగలదు. తేమ తగిలితే మాత్రం నీటినే పట్టుకుని సీఓ2ను వదిలేస్తుంది. బొగ్గు తేమను కొంత ఓర్చుకుంటుంది. పూర్తిగా కాదు, గ్యాసులో సాపేక్ష తేమ 50 శాతం దాటితే బొగ్గు రంధ్రాల్లోకీ నీరు చేరుతుంది.

వేడి సంగతి కూడా మరవొద్దు. 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె 50 డిగ్రీలకు వచ్చేసరికి మూడో వంతుకు పైగా పడిపోతుంది. 0 డిగ్రీల దగ్గర కొలిచి పెద్ద అంకె చూపించే నివేదికలు కూడా ఉంటాయి. ఏ అంకె చూసినా దాని పక్కన డిగ్రీలు, బార్‌లు ఉన్నాయో లేదో ముందు చూడండి.

## తూకం వేయాల్సిన మిగతా విషయాలు

గ్యాసు తర్వాత నేను చూసేది బొగ్గు రూపం. ల్యాబులో గ్రాము లెక్క, ప్లాంటులో ట్యాంకు లెక్క. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేసిన పొడి గ్రాముకు 4 మిల్లీమోల్‌లు పట్టినా, ఘన సెంటీమీటరుకు పావు గ్రామే సర్దుకుంటే ట్యాంకులో సెంటీమీటరుకు 1 మిల్లీమోల్ వచ్చినట్టు. కొబ్బరి చిప్ప గుళికలు గ్రాముకు 2.5 మాత్రమే పట్టినా, అర గ్రాము సర్దుకుంటాయి కాబట్టి 1.25 వస్తుంది. ల్యాబులో ఓడిన బొగ్గు ప్లాంటులో గెలిచింది! పైగా పొడిని ట్యాంకులో నింపితే గ్యాసు దారి మూసుకుపోతుంది. గుళికలు కట్టాలంటే జిగురు కావాలి, ఆ జిగురు కొన్ని రంధ్రాలను పూడ్చేస్తుంది.

తర్వాత బూడిద. బొగ్గులో ఉండే ఖనిజం సీఓ2ను పట్టదు, బరువు మాత్రం పెంచుతుంది. ఆ తర్వాత దిగుబడి, చివరగా కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది. ఈ చివరిదాన్ని చాలామంది ప్లాంటు పెట్టాకే గుర్తు చేసుకుంటారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి దాని మీదే ఆగుతుంది.

## ముడిసరుకులు

| ముడిసరుకు | బూడిద (సుమారు) | బొగ్గు రూపం | అసలు ఇబ్బంది |
|---|---|---|---|
| కొబ్బరి చిప్ప | 1 శాతం లోపు | గట్టి గుళికలు | ఇప్పటికే మంచి ధర, పోటీ ఎక్కువ |
| ఊక | 15–20 శాతం | తేలిక పొడి | సిలికా తీయాలి |
| పత్తి కట్టె | 3–7 శాతం | ముక్కలు, పెళుసు | పొలం నుంచి తేవడం |
| వేరుశనగ పొట్టు | 3–6 శాతం | తేలిక, పెళుసు | మట్టి, రవాణా |
| మొక్కజొన్న బెండు | 1–3 శాతం | మెత్తని ముక్కలు | సీజన్‌లోనే దొరుకుతుంది |

కొబ్బరి చిప్ప. దీనికి సాటి లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. లిగ్నిన్ (కలపకు గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ, బూడిద లేనట్టే, బొగ్గు గట్టిగా ఉంటుంది, రంధ్రాలు సహజంగానే సన్నవి. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు మాస్కుల కోసం అమెరికాలో పీచ్ పండ్ల టెంకలు, కొబ్బరి చిప్పలు పోగు చేసింది ఈ గుణం చూసే. నీటి ఫిల్టర్లకు, బంగారం శుద్ధికి కూడా ఇదే బొగ్గు వాడతారు. అందుకే చిప్పలు చవకగా దొరకవు.

చిప్ప బొగ్గు కొనేటప్పుడు ఒక ముక్క తీసి సిమెంటు గచ్చు మీద వేయండి. బాగా కాలింది లోహం మోగినట్టు ఖంగుమంటుంది. విరిచి చూస్తే విరిగిన చోట నల్లగా నిగనిగలాడాలి. లోపల గోధుమ రంగు కనిపిస్తే సగమే కాలిందని అర్థం. అంచులు తెల్లబడి ఉంటే గాలి తగిలి బూడిద అవడం మొదలైనట్టు. వంద కిలోల చిప్పలకు 25–30 కిలోల బొగ్గు, దాన్ని యాక్టివేట్ చేస్తే, అంటే రంధ్రాలు తెరిస్తే, 10–12 కిలోల సరుకు మిగులుతుంది. అంతకంటే ఎక్కువ వస్తోందని ఎవరైనా అంటే రంధ్రాలు సరిగా పడలేదేమో అడగండి.

ఊక. ఎక్కువమంది అడిగేది దీని గురించే, ఎక్కువమంది పొరపడేది కూడా ఇక్కడే. వడ్ల బరువులో అయిదో వంతు ఊక. మిర్యాలగూడ లాంటి చోట మిల్లు ఆవరణలో గుట్టలు చూస్తే ఉచితంగా దొరికే సరుకు అనిపిస్తుంది. నిజానికి వడ్లు ఉడకబెట్టే మిల్లుల్లో బాయిలర్‌కు ఇంధనం అదే. దానికి ధర ఉంది. బొగ్గుకు వాడిన ప్రతి బస్తా బదులు బాయిలర్‌కు ఇంకేదో కొనాలి, ఆ లెక్క కాగితం మీద వేసుకోండి.

రెండో పొరపాటు బాయిలర్ బూడిదను ముడిసరుకు అనుకోవడం. అందులో కార్బన్ చాలావరకు కాలిపోయింది, మిగిలింది సిలికా. దాన్ని సిమెంటులోనో ఇటుకల్లోనో కలపవచ్చు. సీఓ2 పట్టే బొగ్గుకు మాత్రం గాలి తగలకుండా కాల్చిన నల్ల ఊక కావాలి. ఆ నల్ల ఊకను వేళ్ల మధ్య నలిపి చూడండి. నల్లటి పొడి మెత్తగా రాలినా, గరగరలాడుతూ ఇసుకలా ఏదో తగులుతుంది. అదే సిలికా. ఊకలో 15–20 శాతం ఉన్నది బొగ్గులోకి వచ్చేసరికి సగం దగ్గరికి చేరుతుంది, ఎందుకంటే మిగతాదంతా పొగగా పోయింది, ఇది పోలేదు.

తీయాలంటే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కాచాలి. సిలికా కరిగి సోడియం సిలికేట్‌గా దిగుతుంది. దాన్ని పారబోస్తే వ్యర్థం, ఆమ్లంతో అవక్షేపం చేస్తే టైర్లు, రబ్బరు పరిశ్రమ కొనే సిలికా పొడి. ఊకతో దిగాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సిలికాను కూడా అమ్ముకోగలిగితేనే దిగండి. సీఓ2 బొగ్గు ఒక్కదాని మీద లెక్క నిలబడదు. సిలికా పోయిన ఖాళీల్లో ఏర్పడే రంధ్రాలు చాలావరకు వెడల్పువి కాబట్టి, సన్నవాటి కోసం ఆ తర్వాత మళ్లీ యాక్టివేషన్ చేయాల్సిందే.

పత్తి కట్టె. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వైపు చివరిసారి పత్తి ఏరడం అయ్యాక చేలో నిలబడి ఉంటుంది, చాలాచోట్ల కుప్పేసి తగలబెడతారు. కట్టెను చేలో ఉంచితే గులాబీ రంగు పురుగు తర్వాతి పంటకు మిగులుతుంది కాబట్టి తీసేయడం ఎలాగూ అవసరం. గుణం చూస్తే కలపకు దగ్గర, బొగ్గు బాగానే వస్తుంది. అడ్డం వచ్చేది పీకడం, ముక్కలు కొట్టడం, మోయడం. బెరడుకు మట్టి అంటుకుని ఉంటే బూడిద శాతం పెరుగుతుంది. అందులోని పొటాషియం ఆవిరి యాక్టివేషన్‌ను వేగంగా నడిపిస్తుంది. కొంతవరకు మేలే, మరీ వేగమైతే రంధ్రాలు సన్నగా ఉండవు.

వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండు. అనంతపురం, కర్నూలు వైపు మరాడించే మిల్లుల దగ్గర పొట్టు ఒకేచోట దొరుకుతుంది, అది మంచి సౌకర్యం. లారీ నిండినా బరువు తూగదు కాబట్టి బట్టీ మిల్లు పక్కనే ఉండాలి. బెండు శుభ్రమైన సరుకు, క్షారంతో చేస్తే మంచి ఫలితాలు వస్తాయి. గుళికలుగా మాత్రం రెండూ నిలవవు.

పలాస జీడి పిక్కల పెంకును కూడా అడుగుతుంటారు. అందులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. దాన్ని తీసేసిన పెంకు అయితేనే ముట్టుకోండి. చెరువుల్లో పెరిగే గుర్రపు డెక్కలో తొంభై శాతం పైగా నీళ్లే, ఎండబెట్టే ఖర్చుతోనే పని అయిపోతుంది. దానికి 180–250 డిగ్రీల దగ్గర నీటిలోనే, మూసిన పాత్రలో ఒత్తిడితో ఉడికించే పద్ధతి ఒకటుంది. ల్యాబు ప్రాజెక్టుకు బాగుంటుంది.

## రంధ్రాలు పడేలా చేసే పద్ధతులు

మామూలు బొగ్గుకు రంధ్రాలు కొద్దిగానే ఉంటాయి. వాటిని తెరిచేదే యాక్టివేషన్. అసలు పోటీ రెండింటి మధ్యే.

ఆవిరితో చేసే పద్ధతిలో బొగ్గును 800–950 డిగ్రీల దగ్గర నీటి ఆవిరిలో తిప్పుతారు. ఆవిరి కొంత కార్బన్‌ను తినేసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా మారుతుంది, తిన్నచోట రంధ్రం పడుతుంది. ఆ గ్యాసులను మండించి బట్టీకే వేడి ఇవ్వవచ్చు. రసాయనం లేదు, కడిగే పని దాదాపు లేదు. చిప్ప బొగ్గుతో గ్రాముకు సుమారు 2 నుంచి 3 మిల్లీమోల్‌లు వస్తాయి. ఆవిరికి బదులు సీఓ2నే పంపినా రంధ్రాలు పడతాయి, ఇంకాస్త సన్నగా పడతాయి, కానీ పని నిదానం. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, వాసన ఉండదు. షెడ్డులో దాన్ని పసిగట్టే అలారం లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

రెండోది పొటాషియం హైడ్రాక్సైడ్. బొగ్గుతో కలిపి నైట్రోజన్ వాయువులో 600–850 డిగ్రీలకు వేడి చేస్తారు. క్షారం కార్బన్‌తో చర్య జరిపి పొటాషియం కార్బనేట్, హైడ్రోజన్, లోహపు పొటాషియం ఇస్తుంది. ఆ పొటాషియం కార్బన్ పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తుంది. గ్రాముకు 3.5 నుంచి 5 మిల్లీమోల్‌లు వచ్చేది ఈ దారిలోనే. రంధ్రాల వెడల్పు మన చేతిలో ఉంటుంది కూడా: బొగ్గుకు రెండింతల క్షారం, 600–700 డిగ్రీలు అయితే సన్నవి, నాలుగింతలు, 800 అయితే వెడల్పువి.

దాని ఖరీదు ఇప్పుడు చూడండి. కిలో సరుకు కావాలంటే, సగం దిగుబడి అనుకుంటే, 2 కిలోల బొగ్గు కావాలి. రెండింతల క్షారం అంటే 4 కిలోలు. కిలో బొగ్గు కోసం నాలుగు కిలోల క్షారం! దాన్నంతా కడగాలి, పీహెచ్ 7కు వచ్చేదాకా ఆమ్లం, నీళ్లు పోయాలి. క్వార్ట్జ్ గొట్టాలను, అల్యూమినా పాత్రలను ఈ క్షారం తినేస్తుంది, అందుకే నికెల్ పాత్రలు వాడతారు. చల్లారకముందే తెరిచి నీళ్లు పోస్తే మిగిలిన పొటాషియం లోహం అంటుకోవచ్చు. నైట్రోజన్ ఆపకుండా పూర్తిగా చల్లార్చి, కళ్లద్దాలు పెట్టుకుని, కొద్దికొద్దిగానే తడపాలి. విద్యార్థులకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మధ్యేమార్గం పొటాషియం కార్బనేట్. వేడి కాస్త ఎక్కువ కావాలి, ఫలితం కాస్త తక్కువ, తుప్పు బెడద చాలా తక్కువ. చిన్న స్థాయిలో క్షార పద్ధతి నడపాలనుకునేవాళ్లకు నేను దీన్నే సూచిస్తాను. ఫాస్ఫారిక్ ఆమ్లం 400–500 డిగ్రీలకే పని చేస్తుంది కానీ రంధ్రాలు వెడల్పుగా వస్తాయి, రంగు నీళ్ల శుద్ధికి మేలు. జింక్ క్లోరైడ్ పాత పద్ధతి. జింక్ కలిసిన కడుగు నీళ్లను ఏం చేయాలో తెలియనంత వరకు దాని జోలికి పోవద్దు.

## ఎవరికి ఏది

విద్యార్థికి. పొటాషియం హైడ్రాక్సైడ్ తీసుకోండి, తక్కువ మోతాదులో మొదలుపెట్టండి. కొత్త ఆకు, కొత్త కాయ వెతకడం కంటే ఒకే ముడిసరుకును రెండు పద్ధతుల్లో చేసి పోల్చడం ఎక్కువ ఉపయోగం. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో ఉపరితలం కొలిచే బీఈటీ పరీక్ష ఒక్కటే చాలదు. అంత చలిలో నైట్రోజన్ అతి సన్న రంధ్రాల్లోకి వెళ్లలేదు. మనకు కావాల్సినవేమో అవే. 0 డిగ్రీల దగ్గర సీఓ2తోనే కొలిపించండి. నివేదికలో 1 బార్ అంకెతో పాటు 0.15 బార్ అంకె, అదే వేడిలో నైట్రోజన్ ఎంత పట్టిందో, పది సార్లు నింపి ఖాళీ చేశాక ఎంత మిగిలిందో, మొదటి ముడిసరుకు నుంచి చివరికి ఎంత దిగుబడి వచ్చిందో ఇవ్వండి.

రైస్ మిల్లు యజమానికి. బాయిలర్‌కు పోగా ఊక మిగులుతోందా, సిలికా కొనేవాళ్లు ఉన్నారా? రెండింటికీ అవును అంటేనే ముందుకెళ్లండి. లేదంటే ఊకను ఇంధనంగానే వాడుకోవడంలో తప్పేమీ లేదు.

కొబ్బరి వ్యాపారికి. మీకున్న అవకాశం అందరికంటే మంచిది. ఆవిరి పద్ధతి, గుళికల రూపం. సీఓ2 మార్కెట్ ఇంకా చిన్నది కాబట్టి నీటి ఫిల్టర్ సరుకుగానూ అమ్ముడయ్యే నాణ్యతలో చేయండి. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది.

పత్తి రైతు సంఘానికి. మీ లక్ష్యం కట్టెను తగలబెట్టకుండా వదిలించుకోవడం అయితే ఈ బొగ్గు మీకు సరైన దారి కాదు. లెక్క చూడండి. కిలో బొగ్గు ఒక్కో విడతకు గ్రాముకు 1 మిల్లీమోల్ చొప్పున 44 గ్రాములు పట్టి వదులుతుందనుకుందాం. పావుగంటకో విడత, రోజుకు 96 విడతలు. రోజుకు టన్ను సీఓ2 పట్టడానికి సుమారు 240 కిలోల బొగ్గు చాలు. నష్టాలకని రెట్టింపు వేసుకున్నా అయిదు వందల కిలోలు, అదీ ఒకసారి నింపితే చాలాకాలం నడుస్తుంది. ఒక మండలంలో ఒక సీజన్‌లో మిగిలే కట్టె ముందు అది ఏమాత్రం?

పైగా ఇలా పట్టిన సీఓ2 నిల్వ అయినట్టు కాదు. విడిపించాక దాన్ని భూమిలోకి పంపాలి, లేదా సోడా యాష్ లాంటి సరుకుగా మార్చాలి. మీ కట్టెను బయోచార్‌గా, అంటే నేలలో కలిపే మామూలు బొగ్గుగా, చేసి చేలో కలిపితే కార్బన్ అక్కడే ఉంటుంది. 75 శాతం కార్బన్ ఉన్న కిలో బయోచార్ అంటే 2.75 కిలోల సీఓ2కు సమానం. రంధ్రాలు, క్షారం, నికెల్ పాత్ర ఏవీ అక్కర్లేదు. నేల నీరు పట్టే గుణం కూడా మెరుగవుతుంది, ముఖ్యంగా తేలిక నేలల్లో.

బయోగ్యాస్ ప్లాంటు నడిపేవాళ్లకు. మొక్కల వ్యర్థంతో చేసిన బొగ్గు ఇవాళ నిజంగా పనికొచ్చే చోటు ఇదేనని నా నమ్మకం. 2018లో కేంద్రం సతత్ పథకం మొదలుపెట్టాక కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెరుగుతున్నాయి. వాహనాలకు అమ్మాలంటే మీథేన్ 90 శాతానికి చేరాలి, అంటే సీఓ2 తీయాలి. ఒత్తిడి ఎక్కువ కాబట్టి మరీ సన్న రంధ్రాల కోసం తంటాలు పడనక్కర్లేదు. ఆవిరితో చేసిన చిప్ప గుళికలు, సాదా సరుకు, మంచి పోటీ ఇస్తాయి. ముందు ఇనుప ఆక్సైడ్‌తో హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేయండి, గ్యాసును ఆరబెట్టండి. లేకపోతే బొగ్గు రంధ్రాలు గంధకంతో పూడిపోతాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది మీథేన్ నష్టం. బొగ్గు మీథేన్‌ను కూడా కొంత పట్టుకుంటుంది, ట్యాంకు ఖాళీ చేసినప్పుడు అది సీఓ2తో పాటు బయటికి పోతుంది. 60 శాతం మీథేన్ ఉన్న 100 ఘన మీటర్ల గ్యాసులో 3 శాతం మీథేన్ పోయిందనుకుందాం. అంటే 1.8 ఘన మీటర్లు, సుమారు 1.3 కిలోలు. నూరేళ్ల లెక్కలో మీథేన్ వేడెక్కించే శక్తి సీఓ2కు 28 రెట్లు కాబట్టి అది 36 కిలోల సీఓ2తో సమానం. అదే గ్యాసులోంచి మనం తీసిన సీఓ2 మొత్తం 79 కిలోలు. దాన్నంతా నిల్వ చేసినా మేలులో సగం దగ్గర ఈ చిన్న లీకే తినేసింది. పోయే గ్యాసును మళ్లీ వెనక్కి పంపే ఏర్పాటు ఉందా, లేదంటే బాయిలర్‌లో మండిస్తున్నారా అన్నది పరికరం కొనే ముందే సప్లయర్‌ను అడగండి.

బొగ్గు శాంపిల్ తెప్పించుకున్నప్పుడు అయోడిన్ నంబర్ ఒక్కటే చూసి సరే అనొద్దు. అది నీళ్ల ఫిల్టర్ల కోసం పుట్టిన కొలత, సీఓ2 పట్టే శక్తిని సరిగా చెప్పదు. మీ గ్యాసు వేడి, మీ ఒత్తిడి రాసిచ్చి ఆ రెండింటి దగ్గరే సీఓ2, మీథేన్ ఎంతెంత పట్టాయో విడివిడిగా కొలిపించండి. వాటితో పాటు గుళిక గట్టిదనం, బూడిద శాతం, లీటరు ట్యాంకులో ఎన్ని గ్రాములు పడుతుందో అడగండి. ఈ కాగితం ఇవ్వలేని సప్లయర్ దగ్గర, ధర ఎంత తక్కువైనా, ఆర్డర్ పెట్టొద్దు.